విధేయతా విచారము

మన పల్లెలలో గంగిరెద్దును జూడనివారు లేరు. అయ్యగారికి దండము పెట్టుమనగా తల వంచును. సన్నాయి మ్రోగినంతసేపు తల యూచును. దానిని జూచి నవ్వు మనమే, ఇంటి కోడలు అట్లే తల యూచినచో బుద్ధిమంతురాలని మెచ్చుకొందుము. సులభముగా నడపబడుట సుగుణమేనా? ఈ సంగతి విచారింపదగియున్నది.

మొదట చట్టమేమనుచున్నదో చూతము. ఒకరి యిచ్ఛపై పెత్తనము చేయగల స్థితిలోనున్నవాడు ఆ బలముచే అన్యాయలాభము పొందినచో, 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 16వ సెక్షనులో దానిని అనుచిత ప్రాబల్యమనుచున్నది. అట్లు పొందిన సమ్మతిని ఇచ్చినవారు త్రోసివేయవచ్చును. ఘోషా స్త్రీలు వ్రాసియిచ్చిన దస్తావేజుల విషయమున న్యాయస్థానములు మరింత జాగరూకత వహించినవి. అందలి సంగతి యామెకు బోధపడినదని లాభము పొందువాడే ఋజువు చేయవలెను. తల యూచుట సమ్మతి కాదని చట్టమే యెరుగును.

రాజా రామమోహన రాయలవారు 1818లో సహగమనమును ఖండించి వ్రాయుచు ఈ మర్మమునే పట్టుకొనిరి. స్త్రీ తన యిష్టముచే చితి నెక్కునని చెప్పువారు ఆమెను త్రాళ్లతో ఏల బంధింపవలెను? ఆ దురాచారమును 1829లో బంగాళమునందును, 1830లో చెన్నరాజధానియందును చట్టము నిషేధించెను. త్రాడు మాత్రము సన్నగిల్లి, కంటికి గనబడక, మన యిండ్లలో నిలిచినది.

కర్నూలు జిల్లాలోని ఓర్వకల్లును చూడుడు. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు తోడ్పాటు లభించిన పిమ్మట అచ్చటి స్త్రీల పొదుపు సంఘములు బలపడి, గ్రామ సమాఖ్యలుగాను మండల సమాఖ్యగాను కూడుకొని ఖ్యాతి గాంచినవి. ఇట్టి సంఘముల స్త్రీలు అప్పు సకాలమున దీర్తురనియు, చెప్పిన మాట విందురనియు పలువురు ఒక్క యూపిరిలో మెచ్చుకొందురు. ఈ రెండును ఒకటి కావు. తానెరిగి యాడిన మాటను చెల్లించుట సత్యవ్రతము. భర్త చూపినచోట చదువక సంతకము చేసి, అతడు వాడుకొనిన ధనమునకు తాను కూలిచేసి వాయిదాలు కట్టుట దాస్యము. సంఘపు పుస్తకమునందు ఈ రెండు సంతకములును ఒక్కరీతిగానే కనబడును. వానిలోని భేదము ఇంటివారికే తెలియును.

కావున సోదరులారా, మీ యింటి స్త్రీ యే కాగితముపై సంతకము చేయవలసివచ్చినను ముందుగా ఆమెచే చదివింపుడు. చదువురానిచో చదివి వినిపింపుడు. ఆమె వలదన్నచో కోపింపకుడు. పరమేశ్వరుడు మంచిచెడ్డలు విచారించుటకే ప్రతి హృదయమునందును అంతఃకరణము నుంచెను. ఆ వెలుగునకు లోబడుటయే విధేయత, తక్కినది ముకుత్రాడు.