చందా యనగా నేమి?

పాఠ్యభాగము: రోమా 15:25-27; 1 కొరింథీ 16:1-4; 2 కొరింథీ 8:1-21.

చందా అనగానే మనలో కొందరికి రసీదు పుస్తకము మాత్రమే జ్ఞాపకమునకు వచ్చును. ఈ మాట పారసీ భాషనుండి ఉర్దూ ద్వారా మన భాషలోనికి వచ్చినది. యెరూషలేములోని బీద విశ్వాసులకొరకు పౌలు సమకూర్చిన సొమ్మునకు మన తెలుగు బైబిలు ఈ పేరే పెట్టినది.

అయితే గ్రీకు మూలములో రెండు మాటలున్నవి. 1 కొరింథీ 16:1లో నున్న మాట ‘లొగెయా’. అనగా సొమ్ము పోగుచేయుట. రోమా 15:26లో నున్న మాట ‘కొయినోనియా’, అనగా పాలుపంచుకొనుట. ఈ రెండవ మాటనే మన బైబిలు అపొస్తలుల కార్యములు 2:42లో సహవాసమనియు, హెబ్రీ 13:16లో ధర్మమనియు తెలిగించినది. చూడుడి, సహవాసము, చందా, ధర్మము అను మూడింటి వెనుక నున్నది ఒక్కటే మాట.

ధర్మమనగానే ఇచ్చువాని చేయి పైనను, పుచ్చుకొనువాని చేయి క్రిందను ఉన్నట్టు మనకు తోచును. కొయినోనియాలో అట్టి హెచ్చుతగ్గులు లేవు. యెరూషలేమువారి యొద్దనుండి సువార్తను పొందిన అన్యజనులు వారికి ఋణస్థులని పౌలు తలంచెను. ఇచ్చిన మాసిదోనియవారు కలవారు కారు, నిరుపేదలు. నేడు ఒకరి కలిమి మరియొకరి లేమిని తీర్చును. రేపు అది తిరుగబడవచ్చును.

దీనినిబట్టి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

1. ప్రతివాడును ఇయ్యవలెను. తాను వర్ధిల్లిన కొలది ఆదివారమున కొంత తీసి యుంచవలెనని పౌలు నియమించెను. పొయ్యిమీద ఎసరు పెట్టి మన స్త్రీలు తీసి యుంచు పిడికెడు బియ్యమును అట్టిదే.

2. లెక్క తేటగా నుండవలెను. పౌలంతటివాడు ఆ సొమ్మును ఒంటరిగా మోయలేదు. సంఘములు ఏర్పరచిన మనుష్యులను వెంట తీసికొనెను. పెద్దలు వచ్చిన మొత్తమును, వెచ్చించిన మొత్తమును సంఘము ఎదుట చదువవలెను.

3. పుచ్చుకొనువారిని సిగ్గుపరచరాదు. లెక్క చదువవలెను గాని వారి పేర్లు చదువ నక్కరలేదు. ఒక విధవరాలి బిడ్డకు బడి ఫీజు కట్టి, ఆ బిడ్డను ఆరాధనలో నిలువబెట్టి చూపినయెడల, మరుసటి ఆదివారము ఆ తల్లి ప్రభువు బల్లయొద్దకు తల వంచుకొని వచ్చును. అప్పుడు మనము సొమ్ము ఇచ్చితిమి గాని సహవాసమును పోగొట్టితిమి.

ధ్యానించుటకు: మన సంఘమువలన సహాయము పొందిన కుటుంబము మునుపటివలెనే ధైర్యముగా మనమధ్య కూర్చుండుచున్నదా?