ముసుగు వస్తాదు జూషిన్ థండర్ లైగర్

టీవీలో రే మిస్టీరియో కుస్తీ వస్తే గుడివాడ మన హాస్టల్లో స్టడీ అవర్ ఆగిపోతుందని వార్డెన్ గారికి కూడా తెలుసు. ఆ ముసుగు ఎందుకన్నా అని తమ్ముళ్ళు మమ్మల్ని అడుగుతుంటారు. అందుకే ఈ సంచికకు జపాన్ ముసుగు వస్తాదు జూషిన్ థండర్ లైగర్ గురించి రాస్తున్నాము.

ఆయన అసలు పేరు కెయిచి యమడ. 1964లో హిరోషిమాలో పుట్టాడు. హైస్కూల్లో కుస్తీ నేర్చుకుని న్యూ జపాన్ కంపెనీలో చేరతానంటే, పొట్టివాడివని తీసుకోలేదు. ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లు. (ఫిజికల్ టెస్టులో ఎత్తు కొలిచే కర్ర దగ్గరే ఆగిపోయిన మన హాస్టల్ అన్నలకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.) చదువు అవగానే మెక్సికో వెళ్ళి అక్కడ సాధన చేశాడు. ముసుగు కుస్తీకి ఆ దేశం పెట్టింది పేరు. పందెం కట్టి ఓడినవాడు అందరి ముందూ ముసుగు తీసెయ్యాలి, అది వాళ్ళకు తల తీసినంత పని. అక్కడే న్యూ జపాన్ వాళ్ళ కంట్లో పడి, 1984 మార్చిలో కాదన్న కంపెనీ రింగులోనే మొదటి ఆట ఆడాడు.

ఇదంతా ఉత్తుత్తి కుస్తీ కదా అనేవాళ్ళున్నారు. నిజమే, ఈ వృత్తిలో గెలుపోటములు ముందే అనుకుంటారు. పౌరాణిక నాటకంలో దుర్యోధనుడు పడిపోతాడని మనకూ ముందే తెలుసు, అయినా తెల్లవార్లూ కూర్చుని చూస్తాం. కాకపోతే ఇక్కడ పడే దెబ్బలు నిజమైనవి. రింగు మూల స్తంభమెక్కి, ముందుకు దూకుతూనే గాలిలో వెనక్కి పల్టీ కొట్టి ఎదుటివాడి మీద పడే పట్టు ఒకటుంది. అది లైగర్ కనిపెట్టిందే అంటారు.

1989లో గో నగాయ్ సృష్టించిన లైగర్ కార్టూన్ టీవీలో వచ్చింది. ఆ వేషం యమడకు కట్టి ఏప్రిల్ 24న టోక్యో డోమ్‌లో దించారు. 1981లో టైగర్ మాస్క్ కూడా ఇలాగే కార్టూన్ నుంచి రింగులోకి వచ్చినవాడు. లైగర్ కార్టూన్ 1990లోనే అయిపోయింది. ముసుగు మాత్రం ముప్ఫయ్యేళ్ళు నిలిచింది.

100 కిలోల లోపువారి విభాగంలో 11 సార్లు ఛాంపియన్ అయ్యాడు. మాకు అంతకన్నా గొప్పగా తోచింది 1994 నాటి సూపర్ జె కప్. పోటీ కంపెనీల చిన్న వస్తాదులందరినీ ఒకే రింగులోకి తెచ్చాడు. 1996లో మెదడులో కణితి బయటపడితే ఆపరేషన్ చేయించుకుని మళ్ళీ దిగాడు.

2020 జనవరి 5న టోక్యో డోమ్‌లోనే చివరి ఆట. ఆ రోజు కుర్రవాడు హిరోము తకహాషి చేతిలో ఓడిపోయాడు. వెళ్ళేవాడు వచ్చేవాడి చేతిలో ఓడి వెళ్ళడం ఆ వృత్తిలో ఆనవాయితీ.