చిన్నాకు పెద్దమ్మ ఉత్తరం: ఆ ఒక్క లైను తీసెయ్

జల్‌పల్లి,
ఆదివారం.



నీ మెయిల్ నిన్న సాయంత్రం చదివాను. కొత్త ఉద్యోగం, కార్గో గోదాముల సాఫ్ట్‌వేర్, హాస్టల్లో నీళ్ళలాంటి పప్పుచారు, అన్నీ రాశావు, సంతోషం. మధ్యలో ఒక మాట పడేశావు చూడు, 'కంటైనర్‌కి డేటాబేస్ దొరకట్లేదు పెద్దమ్మా, కొట్టుకుని కొట్టుకుని చివరికి హోస్ట్ నెట్‌వర్క్ పెట్టేశాను, టక్కున పనిచేసింది' అని. పక్కనే ఒక నవ్వు బొమ్మ. ఆ బొమ్మ చూసినప్పటి నుంచి నాకు కుదురు లేదు. నువ్వు రాత్రి రెండింటి దాకా మేలుకుంటున్నావని మీ అమ్మ దిగులు. నా దిగులు వేరు. టక్కున పనిచేసింది అన్నావు గానీ ఎందుకు పనిచేసిందో రాయలేదు. తెలిస్తే రాయకుండా ఉండేవాడివా, నీ సంగతి నాకు తెలియదా.

కంటైనర్ అని లినక్స్ కెర్నల్లో ఒక వస్తువంటూ లేదు బిడ్డా. ఉన్నది మామూలు ప్రాసెస్. దానికి ఏమేం కనపడాలో, ఏమేం కనపడకూడదో కెర్నల్ రకానికొకటిగా రాసిపెట్టుకుంటుంది, వాటినే నేమ్‌స్పేసులంటారు. ఫైళ్ళు ఎలా కనపడాలన్నది మౌంట్ నేమ్‌స్పేస్ పని, అది 2002లోనే వచ్చింది. యంత్రం పేరు, ప్రాసెస్ నంబర్లు, యూజర్లు, ఇలా ఒక్కోటీ ఏళ్ళ తరబడి చేరుతూ వచ్చాయి. యూజర్ నేమ్‌స్పేస్ ఒక కొలిక్కి వచ్చేసరికి 2013, కెర్నల్ 3.8. ఎవరెంత మెమరీ, ఎంత సీపీయూ వాడుకోవాలన్న లెక్క సీగ్రూపులది. అది నువ్వు బాగానే పెట్టావు, దాని జోలికి పోను. వీటన్నిటినీ ఒకేసారి తగిలిస్తే వచ్చేదానికి మీరు కంటైనర్ అంటున్నారు. అందులో ఒకటి పీకేసినా మిగతావి నడుస్తాయి, తెర మీద 'రన్నింగ్' అనే చూపిస్తుంది. ఏది పోయిందో అది చెప్పదు.

ఇవేవీ లేని రోజులు నేను చూశాను. 1990 ప్రాంతంలో మా ఆఫీసుకంతటికీ ఒక్కటే యునిక్స్ మెషీన్, దానికి వరసగా టెర్మినళ్ళు. పీఎస్ కమాండ్‌కు ఆప్షన్లు కలిపి కొడితే అందరి ప్రాసెసులూ అందరికీ కనపడేవి, కమాండ్ వెనక రాసిన మాటలతో సహా. మా అకౌంట్స్ ఆఫీసరు గారు పాస్‌వర్డు కమాండ్ లైన్లోనే రాసి రిపోర్టు తీసేవారు. లాగిన్‌కీ అదే పాస్‌వర్డు. ఒక కొంటె కుర్రాడు అది చదివి, ఆయన పేరుతో లోపలికి దూరి, 'మధ్యాహ్నం నుంచి ఆఫీసుకు సెలవు' అని అన్ని టెర్మినళ్ళకూ సందేశం కొట్టాడు. సగం మంది టిఫిన్ డబ్బాలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆఫీసరు గారు తర్వాత నా పెళ్ళికి స్టీలు బిందె తెచ్చారు, ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. మంచి మనిషి. పాస్‌వర్డు మాత్రం వాళ్ళావిడ పేరే పెట్టుకున్నారు.

ఎక్కడికో పోయాను. ఆ గొడవ తీర్చింది పీఐడీ నేమ్‌స్పేస్. లోపలి మొదటి ప్రాసెస్ తనను తాను 1 అనుకుంటుంది, బయట దానికి వేరే నంబరుంటుంది, పక్కింటి ప్రాసెసులు దాని కంటికి ఆనవు. ఆ 1 చచ్చిపోతే నేమ్‌స్పేసులో మిగిలినవాటిని కెర్నలే చంపేస్తుంది. తీరిక దొరికినప్పుడు కెర్నల్ సోర్సులో పీఐడీ నేమ్‌స్పేస్ ఫైలు తెరువు. నెత్తిన 2007 అని, కింద రెండు పేర్లు: ఓపెన్‌వీజెడ్ నుంచి పావెల్ ఎమెల్యానోవ్, ఐబీఎం నుంచి సుకదేవ్ భట్టిప్రోలు. ఆ రెండో పేరు చూసిన రోజు నేను మీ పెదనాన్నను నిద్ర లేపి మరీ చూపించాను. బాపట్ల వైపు స్తూపం ఉన్న ఊరు ఇంటిపేరుగా కెర్నల్లోకి ఎక్కి కూచుంది! నువ్వు వాడే డాకర్ దగ్గరే ఆగిపోవాలనీ, ఆ కింద ఉన్నది ఎవరో పెద్దవాళ్ళ సొత్తనీ నువ్వు అనుకోకూడదనే ఇది చెబుతున్నాను.

నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ రావడం 2.6.24తో మొదలైంది, 2008 జనవరిలో. అదే ఏడాది మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచారు. మనింటి మీదుగా విమానాలు పోతుంటే మీ తాత మేడ మీద కుర్చీ వేసుకుని ఏది ఎక్కడిదో పందేలు కాసేవాడు. ఇంటర్‌ఫేసులు, రూటింగ్ టేబుల్, ఫైర్‌వాల్ రూల్స్, పోర్టులు, ఇవన్నీ ఒక్కో నేమ్‌స్పేసుకు విడిగా ఉంటాయి. అందుకే ఒకే సర్వర్ మీద ఎన్ని కంటైనర్లున్నా ఎవరి 80వ పోర్టు వారిదే. అప్పుడే పుట్టిన నేమ్‌స్పేసులో లూప్‌బ్యాక్ ఒక్కటే ఉంటుంది, అదీ డౌన్‌లో. బయటికి దారి కావాలంటే మామూలుగా వీఈత్ జత వేస్తారు: ఒక కొస లోపల, రెండో కొస బయట బ్రిడ్జికి. డాకర్ మామూలుగా 172.17తో మొదలయ్యే అడ్రసులు పంచి, బయటికి పోయే ప్యాకెట్ల మీద హోస్టు అడ్రసు వేసి పంపిస్తుంది.

ఇక నీ డేటాబేస్. ప్రోగ్రాంలో లోకల్‌హోస్ట్ అని రాసి ఉంటావు. కంటైనర్ లోపల 127.0.0.1 అంటే ఆ కంటైనరే, హోస్టు మీదున్న డేటాబేస్ దానికి ఎలా దొరుకుతుంది? నువ్వు హోస్ట్ నెట్‌వర్క్ పెట్టగానే ఆ నేమ్‌స్పేస్ పోయింది, హోస్టు లూప్‌బ్యాకే నీ ప్రోగ్రాంకు లూప్‌బ్యాక్ అయింది. పనిచేసింది అందుకు. దాంతోపాటు ఆ మెషీన్ మీద 127.0.0.1 దగ్గర 'ఎవరొస్తార్లే' అని పాస్‌వర్డు లేకుండా నడుస్తున్న ప్రతిదీ నీ ప్రోగ్రాంకు అందుబాటులోకి వచ్చింది. నీ ప్రోగ్రాంలో ఎవరైనా దూరితే వాళ్ళకీ వచ్చింది.

తిన్నావా అసలు? తినకుండా చదవకు, ఇంకా ఉంది.

2020 నవంబరు చివర బయటపడిన భద్రతా లోపం ఒకటుంది, సీవీఈ-2020-15257. అబ్‌స్ట్రాక్ట్ యునిక్స్ సాకెట్ అని ఒక రకం ఉంది. దానికి డిస్కు మీద ఫైలుండదు, కాబట్టి ఫైలు పర్మిషన్లూ ఉండవు. అది నెట్‌వర్క్ నేమ్‌స్పేసుకు చెందుతుంది. డాకర్ కింద పనిచేసే కంటైనర్‌డీ, ఒక్కో కంటైనర్‌ను కనిపెట్టుకుని ఉండే షిమ్‌తో అలాంటి సాకెట్ మీదే మాట్లాడేది. అవతలివాడు రూటా కాదా అని మాత్రమే షిమ్ చూసేది. హోస్ట్ నెట్‌వర్క్‌లో రూటుగా నడిచే కంటైనర్‌కు, యూజర్ నేమ్‌స్పేస్ లేకపోతే, ఆ సాకెట్ కనపడేది, పరీక్షా పాసయ్యేది. ఇంకేముంది, హోస్టు మీద ఎక్కువ అధికారాలతో కొత్త ప్రాసెస్ పుట్టించుకోగలిగేది. ఫైళ్ళ గోడ, ప్రాసెస్ నంబర్ల గోడ సక్కగానే ఉన్నాయి, లేనిది నువ్వు తీసేసిన ఆ ఒక్కటే. మీ ఇమేజ్ రూటుగానే నడుస్తోందా? నీ మెయిల్లో ఆ సంగతి లేదు, నాకు నిద్ర లేదు.

ఇంకోటి. మీ సర్వర్లు అమెజాన్ హైదరాబాద్ రీజియన్లో అన్నావు, 2022 నవంబరులో మొదలైంది కదా అది. అక్కడ రోల్ తగిలించిన ప్రతి మెషీన్‌కూ 169.254.169.254 అనే అడ్రసు దగ్గర దాని తాత్కాలిక తాళాలు దొరుకుతాయి. ఆ తాళాలు అడిగే కొత్త పద్ధతిలో హాప్ లిమిట్ 1 పెడితే, బ్రిడ్జి వెనకున్న కంటైనర్‌కు ఆ జవాబు చేరదు, దారిలో ఒక మెట్టు ఎక్కువ కనుక. హోస్ట్ నెట్‌వర్క్‌లో ఆ మెట్టే లేదు. తాళాలు నేరుగా చేతికొస్తాయి.

మరేం చెయ్యాలంటావా. డేటాబేస్‌ను కూడా కంటైనర్లోకి తెచ్చి, దాన్నీ ప్రోగ్రాంనూ సొంతంగా చేసుకున్న ఒక డాకర్ నెట్‌వర్క్‌లో పెట్టు, లోకల్‌హోస్ట్ బదులు డేటాబేస్ కంటైనర్ పేరు రాయి. లోపల 127.0.0.11 దగ్గర డాకర్ సొంత డీఎన్‌ఎస్ ఉంది, పేరు చెబితే అడ్రసు అది చెబుతుంది. డేటాబేస్‌కు పోర్టు బయటికి తెరవనక్కర్లేదు. తెరవాల్సి వస్తే ముందు 127.0.0.1 చేర్చి రాయి. ఉత్త 8080:8080 అంటే అన్ని ఇంటర్‌ఫేసుల మీదా తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో మూసేశాను కదా అని ధీమా పడకు, ఆ ప్యాకెట్లు ఇన్‌పుట్ చెయిన్ మొహం చూడకుండా ఫార్వర్డ్ దారిన పోతాయి. ఎంతమంది డేటాబేసులు ఇలా వీధిన పడ్డాయో!

ఇంతా చేసినా కెర్నల్ ఒక్కటే అన్నది మర్చిపోకు. మన వీధి చివరి కొత్త అపార్ట్‌మెంటులో ఫ్లాటుకు రెండేసి తాళాలు, నీళ్ళు మాత్రం అందరికీ ఒకే బోరు. కెర్నల్ ఆ బోరు. 2022 జనవరిలో వచ్చిన సీవీఈ-2022-0185 అలాంటిదే, తప్పు కెర్నల్లో, దాంతో కంటైనర్లోంచి బయటపడే దారి దొరికింది. ఒక్కో దానికి విడి కెర్నల్ కావాలంటే కాటా కంటైనర్స్ వంటివి ఉన్నాయి, మీ చిన్న కంపెనీకి ఇప్పుడే అక్కర్లేదు.

ఒక సాయంత్రం డాకర్ పక్కన పెట్టి నీ లాప్‌టాప్‌లో చేత్తో కట్టి చూడు. ఐపీ కమాండ్‌తో ఒక నేమ్‌స్పేస్ చెయ్యి, లోపలికెళ్ళి 127.0.0.1ను పింగ్ కొట్టు, రాదు. లూప్‌బ్యాక్ అప్ చెయ్యి, వస్తుంది. తర్వాత వీఈత్ జత, రెండు కొసలకీ అడ్రసులు, ఒక డిఫాల్ట్ రూటు. అడుగడుగునా ఏది లేక ఆగిందో నీకే తెలుస్తుంది. చిన్నప్పుడు మా రేడియో విప్పి మళ్ళీ బిగించినవాడివి, ఇది నీకు లెక్కా.

కోపంగా రాశానేమో, మనసులో పెట్టుకోకు. నువ్వు ఒక్కడివే కూర్చుని ఆ పని ముగించావంటే నాకు గర్వంగానే ఉంది, మీ పెదనాన్నకు రెండుసార్లు చదివి వినిపించాను. ఉసిరికాయ పచ్చడి మీ అమ్మతో పంపిస్తాను. పన్నెండుకల్లా పడుకో.

రేపు ఆఫీసుకు వెళ్ళగానే ఆ హోస్ట్ నెట్‌వర్క్ లైను తీసి, కంటైనర్ ఏ యూజర్‌తో నడుస్తోందో, కంటైనర్‌డీ ఏ వెర్షనో చూసి నాకు రాయి. ఆ సాకెట్ లోపం దిద్దిన 1.4.3 కంటే పాతదైతే మీ మేనేజర్‌కు ఈ ఉత్తరం చూపించి అయినా సరే, రేపే మార్పించు.

ఇట్లు
నీ పెద్దమ్మ