గ్రహమంతా ఒకే మతమా?

ప్రశ్న: నా నవలలో గ్రహాంతరవాసులందరికీ ఒకే దేవుడు, ఒకే ఆచారం. నమ్మేలా లేదంటున్నారు మిత్రులు. ఏం చేయాలి?

జవాబు: మిత్రుల మాట నిజమే. భూమ్మీద ఒక్క జిల్లాలోనే ఎన్నో నమ్మకాలు!

నమ్మదగ్గ మతాలను కల్పించే విద్యకు ఉర్సులా లెగ్విన్ నవల ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ (1969) గొప్ప పాఠం. మానవశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ క్రోబర్ కూతురామె. ఆమె ఊహించిన గెథెన్ ఓ మంచుగ్రహం. అక్కడివాళ్లు మానవజాతికి దూరపు శాఖే అయినా వాళ్లలో స్థిరమైన ఆడ, మగ తేడా లేదు. నెలలో కొన్నాళ్లే ఆ తేడా బయటపడుతుంది. ఒక బిడ్డకు తల్లి అయినవారు ఇంకో బిడ్డకు తండ్రి కావచ్చు. కుటుంబం, వారసత్వం అన్నీ దాన్నిబట్టే రూపుదిద్దుకున్నాయి. మతాలు మాత్రం ఒకటికి మించే ఉన్నాయి. హందరా చీకటినీ, తెలియనితనాన్నీ గౌరవిస్తుంది. దానిలోంచే పుట్టిన యోమెష్ వెలుగునూ, సర్వజ్ఞతనూ కొలుస్తుంది. పాత మతంతో వాదిస్తూ కొత్తది పుట్టడం మన చరిత్రలోనూ ఉన్నదే. అందుకే గెథెన్ అంత నిజంగా తోస్తుంది.

ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ (1965)లో పాత్రలు మనుషులే అయినా, ఆచారాలు ఆ నేలనుబట్టే పుట్టాయి. కథ జరిగే ఎడారి గ్రహంలో నీళ్లు దొరకవు కనుక, ఒంట్లోని నీటిని ఇచ్చినట్టుగా ఎదుటివారి ముందు ఉమ్మడం గౌరవసూచకం.

కాబట్టి దేవుడి పేరు తర్వాత. ఆ నేలమీద దేనికి కరువు, శవాన్ని ఏం చేస్తారు, ఆ మతాన్ని కాదనేవాళ్లెవరు అన్నవి రచయిత ముందుగా తేల్చుకోవాలి.