బూజు పట్టిన మక్కలు - కాలేయపు క్యాన్సరు

వానకాలపు పంట చేతికి వచ్చు దినములలో మెదకు పట్టణమునకు వచ్చు బాటల వెంట రైతులు మక్కలు ఆరబోయుట పంచాయతీ సభ్యులందరును ఎరిగినదే. ఆ గింజ వానకు తడిసి, తడితోనే కుప్పబడినచో పచ్చని బూజు పట్టును. పైపైన దులిపి ఇంటివాడుకకు ఉంచుకొనువారును కలరు. ఆ బూజు చేయు కీడును ప్రయోగశాలలు ఎట్లు పట్టుకొన్నవో తెలుపుచున్నాము.

1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రముల పల్లెలలో అనేకులు కామెర్లు సోకి, కడుపున నీరు చేరి బాధపడిరి. నూరుమందికి పైగా మరణించిరి. ఆ ఇండ్ల కుక్కలకును అదే జబ్బు వచ్చెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, తడిసిన మక్కలలో బూజు పుట్టించిన అఫ్లటాక్సిన్ అను విషమే కారణమని తేల్చిరి.

ఒక్కమారుగా ఎక్కువ తిన్నవారి సంగతి ఇది. కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి తిన్నవారి గతి వేరు. మన జీవకణములలో పి-53 అను జన్యువు కావలివాని వంటిది. చెడిన కణమును పెరుగనీయదు. ఈ విషము తిండిలో హెచ్చుగా నున్న దక్షిణాఫ్రికా ప్రాంతమునను, చైనాలోను కాలేయపు క్యాన్సరు గడ్డలను పరీక్షింపగా, అనేకులలో ఆ జన్యువు 249వ స్థానముననే చెడియున్నట్లు 1991లో వెల్లడియయ్యెను. దొంగ తన కాలిజాడను విడిచిపోయినట్లే!

పెద్దప్రేగు క్యాన్సరులో తరచు మొదట చెడునది ఏపీసీ అను మరియొక జన్యువు. కొన్ని కుటుంబములలో జన్యులోపము తల్లిదండ్రులనుండియే సంక్రమించును. ఒకే ఇంట ఇద్దరు ముగ్గురికి, అందును 50 ఏండ్లు నిండకమునుపే, ఈ జబ్బు వచ్చినచో తోబుట్టువులును బిడ్డలును వైద్యుని సంప్రదింపవలెను. ఇది శాపము కాదు, అంటువ్యాధియు కాదు.

హెపటైటిస్-బి క్రిమి ఒంటనున్నవారికి బూజువిషము అనేక రెట్లు ప్రమాదకరము. ఆ క్రిమికి టీకా కలదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దానిని స్వదేశముననే తయారుచేసి చవుకగా అందించెను. ప్రభుత్వాసుపత్రులలో అది ఉచితము. మొదటి మోతాదు బిడ్డ పుట్టిన 24 గంటలలో పడవలెను. ఇంటివద్ద కాన్పయిన బిడ్డకు అది తప్పిపోవచ్చును. సభ్యులు తమ వార్డులో ముఖ్యముగా విచారింపవలసినది ఇదియే.

ఇక గింజ మాట. బూజుగింజను ఉడికించినను విషము చావదు. పాడిపశువునకు పెట్టినచో పాలలోనికి దిగును. కావున కంకులను బాగుగా ఎండనిచ్చి ఒలిచి, టార్పాలిన్‌పై ఆరబోసి, తేమ నూటికి 13 పాళ్లకు లోబడిన పిదపనే సంచుల కెత్తవలెను. సంచులు నేలకు తగులకుండ చెక్కలపై పేర్చవలెను. ఊరికొక గచ్చు కళ్లమున్నచో రైతు బాటపైకి రానక్కరలేదు. వచ్చు పంటకు ముందే పంచాయతీ సమావేశమున దానికి స్థలము చూడవచ్చును.