జీతం లేని పనిలోనూ డ్యూటీ అడిగి తీసుకోండి

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. టికెట్ లేనివాళ్లను లోపలికి పోనివ్వకుండా చూసే పని దుర్గాబాయి అనే పద్నాలుగేళ్ల వాలంటీరుకి అప్పగించారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన దగ్గర టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు వచ్చి కోప్పడితే, మీరు చెప్పిన పనే చేస్తున్నానంది. వాళ్లు టికెట్ తెచ్చాకే నెహ్రూని వదిలింది. నెహ్రూ నొచ్చుకోలేదు సరికదా, మెచ్చుకున్నారు.

ఈ సంగతి మనం ఎప్పుడూ ఆమె ధైర్యానికి నిదర్శనంగా చెప్పుకుంటాం. ఉద్యోగం చేసుకునేవాళ్లు గమనించాల్సింది ఇంకొకటుంది. పద్నాలుగేళ్ల పిల్లకి అంత పని ఏ ఆఫీసు అప్పగిస్తుంది? జీతం ఇచ్చేచోట బాధ్యత హోదాను బట్టి వస్తుంది, హోదా సర్వీసును బట్టి వస్తుంది. జీతం లేనిచోట ముందుకొచ్చినవాళ్లకి ఇచ్చేస్తారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఆ తర్వాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, లా చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. ఇదంతా వస్తుందని లెక్కేసుకుని ఆమె ఆనాడు అక్కడ నిలబడలేదనుకోండి. కానీ నలుగురిలో నిలబడి పని నడపడం ఆమెకి ఏ కొలువూ నేర్పలేదు. ఇలాంటి జీతం లేని పనులే నేర్పాయి.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. రాజమండ్రి బట్టల షాపులో బిల్లింగ్ కౌంటరు కావచ్చు, కడియం నర్సరీలో లెక్కలు కావచ్చు, భీమవరంలో రొయ్యల ప్లాంటు కావచ్చు. పదేళ్లు చేసినా అదే కుర్చీ, అదే కంప్యూటరు. పదిమంది చేత పని చేయించడం ఎప్పుడు నేర్చుకుంటారు? సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయినప్పుడు 'అనుభవం ఉందా' అంటారు. అనుభవం రావాలంటే ఆ పోస్టు కావాలి, పోస్టు రావాలంటే అనుభవం కావాలి. ఆ చిక్కుముడి ఆఫీసు బయట తేలిగ్గా విడిపోతుంది.

అయితే 'ఏదైనా సేవ చేస్తానండీ' అని వెళ్లకండి. అలా వెళ్లినవాళ్లని మంచినీళ్ల డ్రమ్ము దగ్గర నిలబెడతారు, సాయంత్రం ఒక ఫొటో తీసి పంపించేస్తారు. ఫలానా పని నాకివ్వండి అని అడగండి.

గోదావరి వరదనే తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. లంక గ్రామాలకి పడవల మీద తిండి పంపాల్సి వస్తుంది. పులిహోర పొట్లాలు కట్టడానికి మనుషులు బోలెడుమంది వస్తారు. ఏ లంకలో ఎన్ని ఇళ్లున్నాయి, ఏ ఇంట్లో పసిపిల్లలున్నారు, పాలడబ్బా ఎవరికి కావాలి, ఇన్సులిన్ ఎవరికి అయిపోవచ్చింది, గేదెలకి గడ్డి ఎలా చేరాలి, ఇవన్నీ రాసుకునే మనిషి మాత్రం ఒక్కరైనా ఉండరు. ఆ మనిషి లేకపోతే పొట్లాలన్నీ మొదటి రేవులోనే అయిపోతాయి. చివరి ఇంటివాళ్ల దగ్గరికి ఖాళీ పడవ వెళ్తుంది.

ఆ నోటుబుక్కు మీరు పట్టుకోండి. మొదటి హెచ్చరిక వచ్చిన రోజే ఊళ్లోవాళ్లకి ఫోన్లు చేసి జాబితా తయారుచేయండి. గట్టిగా అరిచినవాడికి కాదు, అవసరమున్నవాడికి ముందు ఇవ్వడం అక్కడ నేర్చుకుంటారు. సరుకు లెక్క, మనుషులతో మాట, పెద్దవాళ్లకి కూడా 'కుదరదండీ' అని మర్యాదగా చెప్పడం, ఇవి ఏ కోచింగ్ సెంటరులోనూ దొరకవు.

రెజ్యూమేలో 'సామాజిక సేవ అంటే ఆసక్తి' అని రాస్తే ఎవరూ చదవరు. ఏ ఊళ్లో, ఎన్ని ఇళ్లకి, మీరు స్వయంగా ఏం చేశారో రెండు వాక్యాల్లో రాయండి. ఉన్నదే రాయండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అబద్ధం బయటపడుతుంది.

తీరిక అసలే లేనివాళ్లకి రక్తదానం ఉంది. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. పని నేర్చుకోవాలంటే మాత్రం శిబిరం నడిపే బాధ్యత తీసుకోండి.

ఉద్యోగానికి పనికొచ్చే సంగతులే చెప్తున్నాను గానీ, నిజానికి మనిషికి మిగిలేది వేరే ఉంది. ఆఫీసులో మన పేరు కంటే సీటు ముందొస్తుంది. 'లోన్ల సెక్షన్ ఆయన' అంటారు. రిటైరైన మర్నాడు ఆ మాట కూడా పోతుంది. సాయంత్రం గంటసేపు వీధిలో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పేవారిని మాత్రం 'మాస్టారూ' అంటూనే ఉంటారు. రిటైర్మెంటుకి ఐదేళ్ల ముందే ఇలాంటి పని ఒకటి చూసుకోమని నేను చెప్తాను. ఆ తర్వాత మొదలుపెడదామనుకునేవాళ్లు తరచుగా టీవీ ముందే ఉండిపోతారు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మార్చి నెలాఖర్లో బ్యాంకువాళ్లు, పట్టుబడి రోజుల్లో చెరువులవాళ్లు కొత్త పని ఒప్పుకోకూడదు. మాటిచ్చి ఎగ్గొట్టడం కంటే ముందే రానని చెప్పడం నయం. రసీదు లేకుండా చందా ముట్టుకోవద్దు. సాయం అందుకున్నవాళ్ల మొహాలు స్టేటస్‌లో పెట్టొద్దు. 'అనుభవం వస్తుంది' అంటూ నెలల తరబడి ఊరికే పని చేయించుకునే కంపెనీలున్నాయి. అది సేవ కాదు, జీతం ఎగవేత. అక్కడ మొహమాటపడకండి.

లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకి వేళాపాళా చూడకుండా వండిపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు ఇప్పుడు బడుల్లో మధ్యాహ్న భోజనానికి పెట్టారు. అందరం సీతమ్మగారంత కాలేం. వారానికి రెండు గంటలు చాలామందికి కుదురుతుంది.

మన గోదావరి జిల్లాల వాళ్లకి అవకాశం దగ్గర్లోనే ఉంది. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. 2027లో మళ్లీ పుష్కరాలు. జనాన్ని వరసలో నడిపించేవాళ్లు, తప్పిపోయిన పిల్లల్ని చేరదీసేవాళ్లు, సొమ్మసిల్లినవాళ్లకి ప్రథమ చికిత్స చేసేవాళ్లు ప్రతి ఘాట్‌కీ కావాలి. రెడ్‌క్రాస్‌లోనో సెయింట్ జాన్ అంబులెన్స్‌లోనో ముందుగా ప్రథమ చికిత్స నేర్చుకోండి. ప్రభుత్వోద్యోగులైతే పైఅధికారి అనుమతి కాగితం మీద తీసుకోండి. ఏ ఘాట్, ఏ వేళ, ఏ పని అని మూడూ అడిగి పేరు రాయించుకోండి.