మొదటి పాలిథీను పందిరి: కూరగాయల సాగు

పాలీహౌసు అనియు, పాలీటన్నెలు అనియు వ్యవహరింపబడుచున్న పాలిథీను పందిరి వేయుటకై ఋణము కోరు కర్షక సోదరులు మొదట ఒక విషయమును గ్రహింపవలయును. ఈ సాధనము చలిదేశములలో పుట్టినది. 1948 లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున ఉద్యానాచార్యుడగు ఎమరీ మయర్స్ ఎమర్ట్ గాజుగృహమునకు సొమ్ము చాలక, కఱ్ఱ చట్రముపై సెలోఫేను పొర కప్పి మొక్కలు పెంచెను. పిమ్మట పాలిథీను ఆ స్థానమును ఆక్రమించెను. అచ్చటివారికి కావలసినది వెచ్చదనము. మనకు వెచ్చదనముతో పని లేదు. తెలంగాణములోను రాయలసీమలోను మనకు కావలసినవి రెండు: వానకాలమున ఆకును పూతను కుళ్లనీయని కప్పు, తెల్లదోమను లోపలికి రానీయని వల. ఈ భేదము నెఱుగక, చలిదేశపు బొమ్మలు చూచి నలువైపుల మూసి కట్టినవారు మార్చి నెలలోనే మొక్కలను ఉడికించుకొందురు.

మొదటి పందిరి చిన్నదిగా నుండుట మేలని మా దృఢాభిప్రాయము. ఎకరము వేసిన రాయితీ అధికముగా దొరకునని చెప్పువారు పలువురు గలరు. పంట పోయినచో వారు వచ్చి వాయిదా కట్టరు. 6 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు గల కమానుల పందిరి రెండు గుంటలకు లోబడియుండును. ఒక కుటుంబము కూలి లేకుండ దీనిని చూచుకొనగలదు. ఇంతకన్న పొడవైనచో, నడికప్పున గాలి తెఱపి లేని ఇట్టి పందిరిలో మధ్యభాగమున వేడి నిలిచిపోవును. రాయితీ కోరువారు ఉద్యానశాఖవారి మంజూరు కాగితము చేతికి వచ్చువఱకు గొట్టములు కొనకుండుట మంచిది.

స్థలము విషయమున మూడు మాటలు. చెట్టునీడ పడరాదు. వర్షపునీరు నిలువరాదు. టమాట, వంగ, బెండ ఏండ్ల తరబడి పండించిన చేనైనచో, ముందు నాలుగు మొక్కలను వేళ్లతో పెఱికి చూడవలయును; వేళ్లపై బుడిపెలున్నచో అచ్చట నులిపురుగు గలదు. మఱియొక తావు వెదకుటయే తెలివి. పందిరి ఉత్తర దక్షిణములుగా సాగవలయును. అప్పుడు కమానుల నీడ ఒకే మొక్కపై నిలువక దినమెల్ల కదలుచుండును. జూను జూలై మాసముల పడమటిగాలి ప్రక్కవలలగుండ అడ్డముగా వీచి వేడిని త్రోసివేయును.

కమానులకు జి.ఐ. గొట్టములు వాడవలయును. వాని కాళ్లను రెండడుగుల లోతున కాంక్రీటులో నిలుపవలయును. బరువునకు గాక, గాలి పైకెత్తుటకు వెఱచి ఈ జాగ్రత్త. నడిమి ఎత్తు 3 మీటర్లున్నచో, అంచు మళ్లలో సైతము తీగ పాకుటకు 2 మీటర్ల తావు మిగులును. ప్రక్కల అడుగునుండి మీటరు ఎత్తువఱకు 40 మెష్ కీటకవల కట్టి, దానిపై చుట్టి ఎత్తుటకు వీలైన తెఱ అమర్చవలయును. వల ఎంత సన్ననిదైన పురుగు అంత తగ్గును గాని గాలియు తగ్గును. 40 మెష్ తెల్లదోమను చాలవఱకు ఆపును; తామరపురుగును ఆపదు. తామరపురుగునకు జడిసి మిక్కిలి సన్ననివల వేసి గాలి పోగొట్టుకొనుటకన్న, లోపల నీలిరంగు జిగురు అట్టలు కట్టుట మేలు. తలుపులు రెండుండవలయును, ఒకటి మూసిన పిమ్మటనే రెండవది తెఱచునట్లు.

పాలిథీను కొనునపుడు మోసము సులభము గనుక ఒక లెక్క చెప్పెదము. 200 మైక్రానుల పొర, అనగా దుకాణదారు 800 గేజి అని చెప్పునది, చదరపు మీటరునకు సుమారు 184 గ్రాములు తూగును. 30 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల చుట్ట 240 చదరపు మీటర్లు. అది 44 కిలోలు తూగవలయును. 33 కిలోలే తూగినచో అది 150 మైక్రానుల సరకు. చేతితో నలిపి చూచుటకన్న కాటా నమ్మదగినది. ఎండను తట్టుకొనుటకు యు.వి. శుద్ధి జరిగినదా అనునది బిల్లుపై వ్రాయించుకొనవలయును. సాధారణపు పాలిథీను ఒక్క వేసవి గడచునప్పటికి పెళుసై చినుగును. మంచి పొర సుమారు మూడేండ్లు నిలుచును. నీటిబిందువులు జాఱి రాలనీయని ముఖము లోపలివైపునకు వచ్చునట్లు, గాలి లేచుటకు ముందు ఉదయమున కప్పవలయును. కాగిన గొట్టము తగులుచోట పొర త్వరగా చెడును గనుక అచ్చట తెల్లరంగు పూయుట మంచిది. గంధకపు మందు అతిగా చల్లినను పొర ఆయువు తగ్గును.

కట్టడము ఏప్రిలు మొదటికి పూర్తియగుట ఉత్తమము, ఏలయన మొదటి పంట మొక్క కాదు, మట్టి. పందిరిలో ఒకే జాతి పంట మరల మరల వచ్చును. వెచ్చని తడిమట్టి నులిపురుగునకు పుట్టినిల్లు. బయటి చేను మాగాణిగా మాఱినను, పడావు పడినను పురుగు తగ్గును. పందిరి క్రింద దానికి విశ్రాంతి లేదు, చావు లేదు. పాలీహౌసులు వేసి మూడవ యేట నష్టపోయినవారి మాట విన్నచో, ధరలతోపాటు ఈ పురుగు పేరును వినవచ్చును. కావున ప్రతి వేసవిని మట్టికి వదలుడు. బాగుగా చివికిన పశువుల ఎరువును, వేపపిండిని కలిపి దున్ని, మట్టిని లోతుగా తడిపి, 25 నుండి 50 మైక్రానుల తెల్లని పల్చని పాలిథీను నేలకు అంటునట్లు పఱచి, అంచులను మట్టితో పూడ్చవలయును. తలుపులు, ప్రక్కతెఱలు మూసి నాలుగు మొదలు ఆఱు వారములట్లే ఉంచవలయును. ఏప్రిలు మే నెలల ఎండయే ఇచ్చట మందు. పందిరి మూయుటకు తగిన కాలము ఏడాదిలో ఇదియొక్కటియే. పైమట్టిలోని నులిపురుగు, కుళ్లు తెగుళ్ల బీజములు, కలుపు విత్తనములు చాలవఱకు నశించును; లోతున నున్నవి మిగులును గనుక పిమ్మట మట్టిని లోతుగా తిరుగవేయరాదు. వేసవిలో కొత్తిమీరకు మంచి ధర యుండునని కొందఱు పొరపై షేడ్ నెట్ కప్పి పండింతురు; అది తప్పు కాదు గాని, మొదటి రెండేండ్లును మట్టికిచ్చుటయే మా సలహా.

జూను చివర మళ్లు చేయవలయును. 90 సెంటీమీటర్ల వెడల్పుగల ఎత్తుమళ్లు నాలుగు, నడుమ అరమీటరు దారులు మూడు, అంచులకు కొంత తావు. 6 మీటర్లు సరిపోవును.

ఏ పైరు వేయవలయును? ఇచ్చట క్రొత్తవారు పొరపడు స్థలమొకటి గలదు. మనము వాడుకగా నాటు దోస, కాకర, బీర, సొర జాతులకు తేనెటీగయో, మఱియొక పురుగో పుప్పొడి మోయవలయును. వల కట్టిన పందిరిలోనికి తేనెటీగ రాదు. తీగ నల్లగా పెరిగి, పూత విరివిగా వచ్చి, పిందె పసుపెక్కి రాలిపోవును. చేతితో పుప్పొడి అంటించవచ్చును, కాని బీర, సొర పూవులు సాయంకాలమునను కాకర తెల్లవాఱుజామునను విచ్చును. ఈ పని నెలల తరబడి సాగదు. కావున పరాగము లేకయే కాయు కీరదోస విత్తనమును అడిగి తీసికొనవలయును. ధర ఎక్కువయే. టమాట, కాప్సికం తమంత తామే ఫలదీకరణము చెందును. గాలి తక్కువ గనుక టమాట తీగను ఉదయమున కొంచెము కదలించుట మంచిది. కాప్సికం పంటకాలము దీర్ఘము. పగటివేడి 32 డిగ్రీలు దాటిన పూత నిలువదు. అనుభవము వచ్చిన పిమ్మట దానిని ఆలోచింపవచ్చును. మొదటి పైరునకు కీరదోసయే తగినది.

నారును కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేలలో పెంచి, రెండు వారములలోపల నాటవలయును. మడికి రెండు వరుసలు, మొక్కకు మొక్కకు 45 సెంటీమీటర్లు చొప్పున సుమారు 500 మొక్కలు పట్టును. ఒక్కొక్క తీగను పురికొసతో పైకి ప్రాకించి, నేలనుండి అరమీటరు వఱకు పిందెలను, ప్రక్క రెమ్మలను తీసివేయవలయును. ఆ కొలది కాయలకై ఆశపడినచో తీగ కుంగును. డ్రిప్పు ద్వారా చదరపు మీటరునకు దినమునకు 2 మొదలు 3 లీటర్లు, అనగా మొత్తము 360 మొదలు 540 లీటర్లు చాలును. ఎత్తున నిలిపిన వెయ్యి లీటర్ల తొట్టియొకటి యుండిన కరెంటు వేళలకు బానిసలు కానక్కఱలేదు. నీటిలో కరగు ఎరువులను కొద్దికొద్దిగా ఇచ్చుచుండవలయును. పందిరి లోపల వాన పడదు గనుక, వేసిన ఉప్పు అచ్చటనే నిలుచును. మడి అంచున తెల్లని పొర కనబడినచో ఎరువు ఆపి, మంచినీటితో మట్టిని కడుగవలయును. బయట పడు వానను సైతము మఱవరాదు: 50 మిల్లీమీటర్ల వానకు ఈ చిన్న కప్పునుండి 9,000 లీటర్ల నీరు జాఱును. రెండు ప్రక్కల కాలువ తీసి కుంటకు మళ్లించినచో అది లాభము. తీయనిచో మళ్లలోనికి ఊరి వేరుకుళ్లు తెచ్చును.

పొడివేడి దినములలో ఆకు అడుగున నల్లిని, తేమ దినములలో బూడిద తెగులును వెదకి చూచుచుండవలయును. అడుగున ముదిరిన ఆకులను కోసి పందిరి బయట పాతిపెట్టుట మందుకన్న ముందు చేయవలసిన పని.

ఇక అమ్మకము. నాటిన సుమారు 40 దినములకు కోత మొదలై, మఱి 50 దినములు సాగును. మొక్కకు 3 కిలోల చొప్పున లెక్కించినను మొత్తము 15 క్వింటాళ్లు. దినము విడిచి దినము కోసినచో కోతకు 60 కిలోలు. ఇది ఊరిలో అమ్ముటకు ఎక్కువ, బోయినపల్లికో గుడిమల్కాపురమునకో బండి కట్టుటకు తక్కువ. ఈ చిక్కునందే చిన్న పందిరి లాభము కరిగిపోవుచున్నది. ఒకే ఊర నలుగురు సభ్యులు ఒకే వారమున నాటినచో కోతకు రెండున్నర క్వింటాళ్ల సరకు చేరును. ఆటో కిరాయి నాలుగు పాళ్లగును. కావున సంఘములు పందిరి ఋణములను విడివిడిగా గాక, ఊరికి నలుగురు చొప్పున కూర్చి యిచ్చుట న్యాయమని మేము తలంచుచున్నాము. దూరపు ఊరిలో ఒక్కని దరఖాస్తు వచ్చినచో, అతడు కాయ ఎచ్చట అమ్మునో ముందుగా అడిగి వ్రాసికొనవలయును.

ఋణపు వాయిదా గాక, ప్రతి కోత సొమ్మునుండి క్రొత్త పొరకై కొంత సంఘపు పొదుపు ఖాతాలో వేయుచుండవలయును. మూడేండ్లకు మరల 44 కిలోల పాలిథీను, అడ్డవలలు, కూలి ఖర్చు తప్పవు. సంవత్సరమునకు అందులో మూడవ వంతు ప్రక్కకు తీయనివారు నాలుగవ యేట చినిగిన పొరక్రింద పండింప వలసివచ్చును. దించిన పాత పొరను కాల్చక, వేసవిలో ఎరువుకుప్పలు కప్పుటకు వాడుకొని, మిగిలినది పాత ప్లాస్టిక్ కొనువారికి అమ్మవచ్చును.